గోడ మీద గుర్తు ఎవరి కోసం? పాతబస్తీలో టీకా మ్యాపుల గురించి తెలుసుకోవాల్సినవి

మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ల గోడల మీద ప్రభుత్వ గుర్తులు కొత్త కాదు. పల్స్ పోలియో రోజుల్లో ‘పి’ అనో ‘ఎక్స్’ అనో రాసి వెళ్లేవాళ్లు. ‘పి’ అంటే ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడ్డాయని. ‘ఎక్స్’ అంటే ఎవరో మిగిలిపోయారని, మళ్లీ రావాలని. 2021 ఆగస్టులో కోవిడ్ టీకా బృందాలు తలుపులకు స్టిక్కర్లు అంటించాయి. 2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ వైపు రెవెన్యూ సిబ్బంది వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు, ఖాళీ చేయించాల్సిన ఇల్లు అని దాని అర్థం. పోలియో ‘ఎక్స్’ రాసినవాళ్లు మళ్లీ వస్తామన్నారు. మూసీ ‘ఎక్స్’ రాసినవాళ్లు మిమ్మల్ని వెళ్లిపొమ్మన్నారు.

ఇంటికి గుర్తు పెట్టడం, బస్తీకి హద్దు గీయడం, మ్యాపులో చుక్క పెట్టడం ఒకే రకం పనులు. అవి ఎవరికి ఉపయోగపడతాయో ముందే చెప్పలేం. టీకాలు ముందుగా అందాల్సినవాళ్లను మ్యాపుల సాయంతో గుర్తించడం కోవిడ్ కాలంలో ప్రపంచమంతా చర్చకు వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలో దళితులకు, పేద ముస్లింలకు, వలస కూలీలకు అలాంటి మ్యాపు పనికిరావాలంటే దాని వెనక ఎలాంటి లెక్క ఉండాలి? కార్యకర్తలు, విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలను ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది.

దుర్బలత్వ సూచీ అంటే ఏమిటి?

ఒక జబ్బు అందరికీ సోకవచ్చు. కానీ ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, ఉమ్మడి కుళాయి దగ్గర, రోజు కూలీ పోతే పొయ్యి వెలగని కుటుంబంలో దాని దెబ్బ వేరుగా ఉంటుంది. ఈ తేడాను అంకెల్లోకి తెచ్చే పద్ధతే దుర్బలత్వ సూచీ. పేదరికం, ఇళ్ల ఇరుకు, నీళ్లు, మరుగుదొడ్డి, వృద్ధుల సంఖ్య, దీర్ఘకాలిక జబ్బులు, ఆసుపత్రుల అందుబాటు వంటి అంశాలను ప్రాంతాల వారీగా సేకరిస్తారు. ఒక్కో అంశం మ్యాపులో ఒక్కో పొర. పొరలన్నీ కలిపి ఒక స్కోరు ఇస్తారు. స్కోరు ఎక్కువున్న చోటికి టీకా ముందు వెళ్లాలి.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నం తొందరగానే జరిగింది. 2020 జూలైలో పాపులేషన్ కౌన్సిల్ పరిశోధకులు రాజీబ్ ఆచార్య, ఆకాశ్ పోర్వాల్ లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో రాష్ట్రాల, జిల్లాల స్థాయి సూచీని ప్రచురించారు. ఐదు విభాగాల కింద 15 అంశాలు తీసుకున్నారు. దుర్బలత్వం బాగా ఎక్కువున్న 9 పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా మరో అడుగు వేసింది. 2021 మార్చిలో, సూచీ ప్రకారం అట్టడుగు పావు వంతులో ఉన్న దాదాపు 400 పిన్‌కోడ్ ప్రాంతాలకు 40 శాతం డోసులు కేటాయించింది.

అక్కడే ఒక పాఠం కూడా దొరికింది. అంతకు ముందు నెలలో, నల్లజాతి, లాటినో పేటల వారికని పంపిన ప్రత్యేక బుకింగ్ కోడ్‌లు చేతులు మారి, ఉన్నవాళ్ల ఫోన్లలోకి చేరాయి. చోటును ఎంచుకోవడంతో పని అయిపోదు. ఆ చోటికి వచ్చిన టీకా ఆ చోటి మనుషులకే చేరిందో లేదో చూసే ఏర్పాటు ఉండాలి.

2021లో మన దగ్గర ఏం జరిగింది?

కోవాగ్జిన్ తయారైంది హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో. టీకాలు పుట్టే నగరంగా హైదరాబాద్‌కు పేరు. కానీ టీకా పంపిణీ మొదలైన క్రమంలో బస్తీ అనే మాట లేదు. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో, ఫిబ్రవరిలో పారిశుద్ధ్య కార్మికులు, పోలీసుల వంటి ఫ్రంట్‌లైన్ వర్కర్లతో మొదలుపెట్టారు. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవాళ్లకు, జబ్బులున్న 45 దాటినవాళ్లకు వేశారు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ, మే 1 నుంచి 18 దాటినవాళ్లకు అవకాశం ఇచ్చారు. ప్రాధాన్యం వయసును బట్టి, వృత్తిని బట్టి, జబ్బును బట్టి ఇచ్చారు. ఇంటి పరిస్థితిని బట్టి ఇవ్వలేదు.

పైగా మే నెలలో 18–44 ఏళ్ల వాళ్లు కోవిన్‌లో ఆన్‌లైన్‌గా స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోన్, ఓటీపీ, ఇంగ్లిష్, వేగంగా నొక్కగల వేళ్లు ఉన్నవాళ్లది ముందు వరుస అయింది. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడ నమోదుకు వీలిచ్చారు. మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు ఈ డిజిటల్ అంతరాన్ని గట్టిగానే ప్రశ్నించింది.

తెలంగాణ ప్రభుత్వం మే 28 నుంచి గ్యాస్ డెలివరీ సిబ్బంది, రేషన్ డీలర్లు, పెట్రోల్ బంకు కార్మికులు, ఆటో డ్రైవర్లు, వీధి వ్యాపారుల వంటి వారికి ప్రత్యేక డ్రైవ్ పెట్టింది. పని మంచిదే. కానీ వాళ్లకు పెట్టిన పేరు ‘సూపర్ స్ప్రెడర్లు’. ముప్పులో ఉన్న మనిషిని ముప్పు తెచ్చే మనిషిగా చూసే చూపు ఆ మాటలో ఉంది. దళిత సమాజానికి ఈ చూపు కొత్తది కాదు. పైగా వృత్తుల జాబితాలో పేరు ఎక్కాలంటే ఆ వృత్తికి ఏదో ఒక రుజువు ఉండాలి. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె దగ్గర, చెత్తలో ప్లాస్టిక్ ఏరుకునే కుటుంబం దగ్గర ఏ యజమాని సంతకం ఉంటుంది?

నిజంగా చోటును బట్టి నడిచిన డ్రైవ్ 2021 ఆగస్టు 23న మొదలైంది. జీహెచ్‌ఎంసీ, కంటోన్మెంట్ పరిధుల్లో 175 మొబైల్ వాహనాలతో కాలనీలు, బస్తీలు తిరిగారు. ఒక్క జీహెచ్‌ఎంసీలోనే దాదాపు 4,800 కాలనీలు, బస్తీలు లక్ష్యం. అప్పటికి రెండో వేవ్ వచ్చి వెళ్లిపోయింది.

లవం తెలుసు, హారం తెలియదు

2021 డిసెంబరు చివర్లో రాష్ట్రంలో మొదటి డోసు 100 శాతం పూర్తయిందని ప్రభుత్వం ప్రకటించింది. శాతం అంటే చిన్న లెక్కే. టీకా వేసుకున్నవాళ్లు లవం, వేసుకోవాల్సినవాళ్లు హారం. కోవిన్ నమోదులో పేరు, పుట్టిన సంవత్సరం, లింగం, గుర్తింపు కార్డు అడిగారు. ఇంటి చిరునామా అడగలేదు. కులం, మతం అడగలేదు. టీకా ఏ కేంద్రంలో వేశారో రికార్డు చెబుతుంది. అది ఏ బస్తీ మనిషికి పడిందో చెప్పదు. నగరంలో పనికొచ్చినవాళ్లు, పక్క జిల్లాలవాళ్లు ఇక్కడి కేంద్రాల్లో వేసుకుంటే ఇక్కడి లవం పెరుగుతుంది. హారం మాత్రం 2011 జనగణన మీద వేసిన అంచనా. అందుకే ఒక ప్రాంతంలో 100 శాతం దాటినట్టు కాగితం చూపించినా, అదే ప్రాంతంలో ఒక గల్లీ మొత్తం మిగిలిపోవచ్చు.

వార్డు సగటు ఇంకో తెర. ఒక లెక్క ఊహించుకుందాం. వార్డులో 40,000 మంది, టీకా 80 శాతం. అందులో 2,000 మంది ఉన్న దళిత బస్తీలో 40 శాతమే. మిగతా వార్డు 82 శాతం దగ్గర ఉంటే చాలు, మొత్తం సగటు 80కి వచ్చేస్తుంది. మ్యాపులో వార్డు మొత్తం ఆకుపచ్చ. బస్తీ ఆ రంగు కింద మాయం.

ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో దాదాపు 9,000 మంది రక్తనమూనాలు పరీక్షించి 2021 మార్చిలో ఫలితాలు చెప్పాయి. నగరం మొత్తం మీద 54 శాతం మందిలో కోవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. కానీ కొన్ని వార్డుల్లో అది 30 శాతం దగ్గర, కొన్నింటిలో 70 దగ్గర ఉంది. ఒకే నగరంలో వార్డుకూ వార్డుకూ ఇంత తేడా ఉంటే, వార్డు లోపల గల్లీకీ గల్లీకీ తేడా లేదని ఎలా అనుకుంటాం?

కులం గడి లేని పట్టిక

పాతబస్తీ అనగానే బయటివాళ్లకు ముస్లిం ప్రాంతం అని మాత్రమే తోస్తుంది. ఉప్పుగూడ, గౌలిపురా, లాల్‌దర్వాజా, జంగంమెట్, చాంద్రాయణగుట్ట వైపు గల్లీల్లో మాల, మాదిగ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. అందులో షెడ్యూల్డ్ కులాలు దాదాపు 6.3 శాతం. ఈ అంకె వార్డు వారీగా కూడా దొరుకుతుంది. మ్యాపు గీసే విద్యార్థి సహజంగా ముందు దాన్నే తీసుకుంటాడు. అయితే దానికి రెండు చిక్కులున్నాయి.

ఒకటి, అది పాత లెక్క. 2016 జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు ముందే వార్డుల హద్దులు మారిపోయాయి. పాత అంకెను కొత్త హద్దుల మీద పరిస్తే తప్పు మ్యాపు వస్తుంది. రెండు, ఎస్సీ లెక్కలోకి దళితులందరూ రారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగలు మన దగ్గర బీసీ-సీ. పాకీపని చేసిన మెహతర్ ముస్లింలు కూడా బీసీ జాబితాలోకే వెళ్లారు. ఒకే డ్రైనేజీలో దిగే ఇద్దరిలో ఒకరు మ్యాపులో ఎస్సీ, మరొకరు కాదు. కాబట్టి ఎస్సీ శాతం ఒక్కటే పొరగా పెట్టుకుంటే చాలదు. వృత్తిని, ఇంటి పరిస్థితిని దానికి జతచేయాలి.

లెక్కలో ఎవరు ఏ పేరుతో ఉండాలన్న పోరాటం ఈ నగరంలో పాతదే. భాగ్యరెడ్డి వర్మ, ఆయన సహచరులు చేసిన కృషి ఫలితంగా 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ‘ఆది హిందువులు’ అన్న పేరును నమోదు చేసింది. దేశంలో అన్ని కులాల లెక్కలు వెలువడిన చివరి జనగణన కూడా అదే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం చేసిన ఇంటింటి కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలింది. ఆ సర్వే 96.9 శాతం ఇళ్లకు చేరిందని ప్రభుత్వం చెప్పింది. మన ప్రశ్న మిగిలిన 3.1 శాతం గురించి. వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు? తాళం వేసిన ఇళ్లెన్ని, కిరాయి గదులెన్ని, గుడిసెలెన్ని? 2027 జనగణనలో కులాల లెక్క కూడా ఉంటుందని కేంద్రం ప్రకటించింది. ఆ వివరాలు బస్తీ స్థాయిలో, వ్యక్తుల గోప్యత చెడకుండా బయటపెట్టాలని ఇప్పటి నుంచే అడగాలి.

పాతబస్తీకి కావాల్సిన పొరలు

జిల్లా సూచీలో వాడే అంశాలు ఇక్కడికి దించితే సరిపోవు. గల్లీలో పనికొచ్చే పొరలు వేరు.

*ఇల్లు:* గదికి ఎందరు, నీళ్లు ఇంట్లోనా వీధిలోనా, మరుగుదొడ్డి సొంతమా ఉమ్మడా. జీహెచ్‌ఎంసీ లెక్కల్లో 1,476 మురికివాడలు ఉంటే వాటిలో 491 నోటిఫై కానివి. నోటిఫై కాని బస్తీయే జాబితాల నుంచి ముందు జారిపోతుంది.

*దారి:* ఆరోగ్య కేంద్రం చుట్టూ ఒక కిలోమీటరు వృత్తం గీసి ‘వీళ్లందరికీ దగ్గరే’ అనడం మ్యాపుల్లో మామూలు తప్పు. వృత్తం మూసీని దాటుతుంది, ఫలక్‌నుమా రైలు పట్టాలను దాటుతుంది. మనిషి వంతెన దాకా నడిచి వెళ్లి దాటాలి. మూసీ పొంగినప్పుడు మూసారంబాగ్ వంతెన, చాదర్‌ఘాట్ కాజ్‌వే మీద రాకపోకలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. నడిచే దారిని, వానాకాలపు దారిని కొలవాలి.

*వేళ:* తెల్లవారుజామున చీపురు పట్టే సఫాయి కార్మికురాలికి, పొద్దున్నే పాచిపనికి పోయే తల్లికి పది గంటల టీకా కేంద్రం ఉన్నా లేనట్టే. ఎవరు ఏ వేళ ఇంట్లో ఉంటారో కూడా ఒక పొరే.

*కాగితాలు:* 2020 అక్టోబరు వరదల్లో హఫీజ్‌బాబానగర్, ఫలక్‌నుమా చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లలో నానిన ఇంట్లో కాగితాలు మిగలవు. గుర్తింపు కార్డు లేనివాళ్లకు టీకా వేసే పద్ధతిని కేంద్రం 2021 మేలో విడుదల చేసింది. అప్పటికి టీకాలు మొదలై మూడున్నర నెలలు దాటింది.

*పని:* మురుగుకాల్వలు, చెత్త, శ్మశానం, ఆసుపత్రి పారిశుద్ధ్యం. కాంట్రాక్టు మీద, కాంట్రాక్టరు కింద మరో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లను విడిగా లెక్కించాలి.

ఎలా మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్ ఖర్చు అడ్డంకి కాదు. క్యూజీఐఎస్ ఉచితం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గల్లీలను మనమే చేర్చవచ్చు. కోబో టూల్‌బాక్స్, ఓడీకే వంటి వాటితో ఫోన్‌లోనే ఇంటింటి ఫారం నింపవచ్చు, తెలుగులో, ఉర్దూలో కూడా. ఇస్రో వారి భువన్ ఉపగ్రహ చిత్రాలను అందించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది. 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకాల తర్వాత భారతీయులు మ్యాపులు తయారుచేయడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదు.

మొదటి మ్యాపు మాత్రం కాగితం మీద, బస్తీ మనుషులతో కూర్చుని గీయాలి. బస్తీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, వెనక సందులో కొత్తగా ఎవరు వచ్చి ఉంటున్నారో వాళ్లకే తెలుసు. తర్వాత ఉపగ్రహ చిత్రంతో సరిచూడాలి. చేతి మ్యాపు ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఉత్తర నైజీరియా పోలియో కార్యక్రమం చూసింది. చేత్తో గీసిన మ్యాపుల్లో ఎన్నో జనావాసాలు అసలు లేవని ఉపగ్రహ చిత్రాలు బయటపెట్టాయి. టీకా బృందాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో 2012 నుంచి ఫోన్ల జీపీఎస్‌తో చూడడం మొదలుపెట్టారు. అక్కడ నిఘా బృందాల మీద, బస్తీల మీద కాదు. ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ముప్పున్న ప్రాంతాలను ఎంచుకుని వేగంగా టీకాలు వేయడం హైదరాబాద్‌కు చేతకాని పనేమీ కాదు. మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనిపించినప్పుడు, 2016 జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పు ఎక్కువున్న ప్రాంతాల్లో వారం రోజుల్లో 3 లక్షల మందికి పైగా పిల్లలకు పోలియో ఇంజక్షన్ ఇచ్చారు. సిబ్బంది అదే, గల్లీలు అవే. ప్రాధాన్యం ఇవ్వాలన్న నిర్ణయం ఉండటమే తేడా.

ఆ నిర్ణయంలో రాజకీయం ఉంటుంది. మళ్లీ ఒక ఊహా లెక్క. 2,000 మంది బస్తీలో టీకా 40 శాతం, అంటే మిగిలినవాళ్లు 1,200. 12,000 మంది కాలనీలో 85 శాతం, మిగిలినవాళ్లు 1,800. ఒకే వ్యాన్ ఉంది. మిగిలినవాళ్ల సంఖ్య చూస్తే కాలనీకి వెళ్లాలి. శాతం చూస్తే బస్తీకి వెళ్లాలి. ఏ పొరకు ఎంత బరువు ఇవ్వాలో కంప్యూటర్ చెప్పదు, మనం చెబితే అది లెక్క కడుతుంది. ఆ బరువులు ఎవరు, ఎక్కడ కూర్చుని నిర్ణయించారో బహిరంగంగా ఉండాలి.

మ్యాపు తిరగబడితే?

1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ నేతృత్వంలో గీసిన నగర పటాల్లో పాతబస్తీ గల్లీలు అబ్బురపడేంత వివరంగా ఉన్నాయి. ఆ కాలంలోనే, 1911 ప్లేగు తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆరోగ్యం పేరుతో ఇరుకు బస్తీలను తొలగించే పనీ చేపట్టింది. జబ్బు మ్యాపు కూల్చివేత మ్యాపుగా మారే ప్రమాదం అప్పటి నుంచే ఉంది.

జాబితాల ప్రమాదమూ ఉంది. తెలంగాణలో కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దుచేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటికి వచ్చి వివరాలు అడిగేవాళ్లను చూసి పాతబస్తీ వెనకాడితే దాన్ని ‘అవగాహన లేకపోవడం’ అని కొట్టేయకూడదు. కార్డన్ సెర్చ్‌లు చూసిన గల్లీ అది. కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించవద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది కూడా.

కాబట్టి కొన్ని నియమాలు. ఇంటి స్థాయి చుక్కలు ఎప్పుడూ బయట పెట్టవద్దు, బస్తీ స్థాయి మొత్తాలే చూపాలి. పేరు, ఆధార్ నంబరు సేకరించవద్దు. టీకా పనికి తీసుకున్న వివరాలు పోలీసు, రెవెన్యూ, రేషన్ పనులకు వాడబోమని రాతపూర్వక హామీ లేకుండా ప్రభుత్వానికి ఇవ్వవద్దు. గీసిన మ్యాపు మొదటి ప్రతి బస్తీలోనే ఉండాలి. తప్పుంటే దిద్దే హక్కు వాళ్లదే.

ఇప్పుడు అడగాల్సినవి

కోవిడ్ పోయింది కదా, ఇప్పుడెందుకు అనుకోవద్దు. పిల్లల టీకాలు ప్రతి బుధ, శనివారాల్లో నడుస్తూనే ఉన్నాయి. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000కు ఒక ఏఎన్‌ఎం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త ఉండాలి. ప్రతి కేంద్రం దగ్గర టీకాల మైక్రోప్లాన్ ఉండాలి. అందులో ప్రాంత పటం, ముప్పు ఎక్కువున్న ప్రాంతాల జాబితా, ఎవరు ఏ గల్లీకి వెళ్తారన్న వివరం ఉంటాయి.

సమాచార హక్కు చట్టం కింద మీ కేంద్రం మైక్రోప్లాన్ అడగండి. దాన్ని పట్టుకుని బస్తీలో నడవండి. పటంలో లేని సందు కనిపిస్తే రాసుకోండి. జాబితాలో లేని బస్తీ పేరు, ఇళ్ల సంఖ్య, టీకా పడని పిల్లల సంఖ్య ఒక కాగితం మీద పెట్టి మెడికల్ ఆఫీసరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి చూడండి. పోలియో రోజుల ‘ఎక్స్’కు అర్థం అదే కదా, మళ్లీ రావాలని.